రెండు వేళ్ళ గుడ్డ

పూర్ణా మార్కెట్ వెనక సందులో
ఉప్పుగాలికి సూది మూడు నెలలు ఆగదు.
నా మిషన్ మీదికి వచ్చేవి
పెళ్ళి జాకెట్లు, రేవు ఖాకీలు,
ఏడాదికోసారి మాత్రం, ఎండలు ముదిరాక,
కోరాడ సన్నిబాబు మిలిటరీ ప్యాంటు.

పది నెలలు రేవులో క్రేన్ నడుపుతాడు.
రెండు నెలలు సిపాయి.
"సగం సిపాయివా?" అని కిళ్ళీకొట్టు దగ్గర నవ్వుతారు.
"పిలుపొస్తే సగం తూటా తగుల్తాదేటి?" అంటాడు,
సున్నం కాస్త తక్కువెయ్యమంటాడు.

నా కొలతల పుస్తకంలో
వీడి నడుముకి పద్నాలుగేళ్ళ లెక్కలున్నాయి.
వెళ్ళేముందు ముప్పై ఆరు.
వచ్చాక ముప్పై మూడున్నర.
ఎక్కడికెళ్ళాడో ఎప్పుడూ చెప్పలేదు.
టేపే చెప్పేది:
ఒక ఏడు కొండలెక్కించారు,
ఒక ఏడు వరదలో ఇసుక బస్తాలు మోయించారు,
ఒక ఏడు అన్నం సరిగా పెట్టలేదు.

ప్రతిసారీ లోపలి మడతలో
రెండు వేళ్ళ గుడ్డ వదిలేవాణ్ణి.
దాన్ని ఎవరూ చూడరు, ఇస్త్రీవాడు కూడా.
ఒళ్ళు పెరిగిన రోజున
కుట్టు విప్పితే
ఎండ తగలని రంగుతో
అక్కడే ఉంటుంది, కొత్తగా.

ఈ ఏడు ప్యాంటు రాలేదు.
"కొత్త గుడ్డ, మావా. చుక్కలు చుక్కలుగా,
ఆకుకీ మట్టికీ మధ్య రంగు.
బయట కుట్టకూడదట. కొలతలు కంప్యూటరే తీస్తాది."
సుద్దముక్క చెవి మీద పెట్టుకున్నాను.
కంప్యూటర్ రెండు వేళ్ళు వదుల్తుందా
అని అడగబోయి ఊరుకున్నాను.

తిరిగొచ్చాక రేవు ఖాకీ పట్టుకొచ్చాడు.
అలవాటు కొద్దీ నడుముకి టేపు వేశాను.
ముప్పై ఆరు. గీత కూడా తగ్గలేదు.
"ఏటి, పరిగెత్తించలేదా?"
"పొద్దున్న ఓ గంట. మిగతాదంతా కుర్చీలోనే,"
అని రెండు బొటనవేళ్ళూ గాల్లో ఆడించాడు.
డ్రోనట.
నేర్పే పిల్లాడికి ఇరవై నాలుగేళ్ళు.
ఇంత మెత్తగా దించడం ఎక్కడ నేర్చావని
మొదటి రోజే అడిగాడట.
"గాలికి ఊగే ఇరవై టన్నుల పెట్టెని
ఓడ మీద గుడ్డు పెట్టినట్టు పెడతాను, సార్."
ఆ మాట చెప్తున్నప్పుడు
నలభై మూడేళ్ళవాడి మొహంలో
బళ్ళో బహుమతి కొట్టిన గుంటడు.

తర్వాత గొంతు దిగింది.
"నడిచిన్నాడు కాళ్ళు నొప్పెట్టీవి. పడుకుంటే పోయీవి.
ఇప్పుడు కళ్ళు మూసినా తెర పోదు, మావా.
పైనుంచి చూస్తే ఎవడైనా చీమే.
బియ్యం మోసీవోడూ అంతే,
మరింకేదో మోసీవోడూ అంతే."

కళ్ళకి వేసే టేపు లేదు నా దగ్గర.

గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ ఆగాడు.
చేపల బజారు మీద గద్ద ఒకటి
రెక్క కదపకుండా నిలబడి ఉంది.
"దక్షిణం గాలి," అన్నాడు. "నిలవదు. ఎడమకి వాల్తాది."
వాలింది.

ఖాకీ ప్యాంటు బల్ల మీదే ఉంది.
నడుము దగ్గర బిగించాల్సిందేమీ లేదు.
అరిగిన కాళ్ళ అంచు తిప్పి కుట్టాను,
లోపల రెండు వేళ్ళు వదిలి.
డబ్బులు జీతం పడ్డాక ఇస్తానన్నాడు.
మళ్ళీ పిలుపు ఎప్పుడో వాడికీ తెలీదు.