పాయింట్ తొమ్మిది

మా కాశీబుగ్గ శాఖా గ్రంథాలయంలో
చైనా నంబరు తొమ్మిది వందల యాభై ఒకటి.
పక్కన చుక్క పెట్టి తొమ్మిది వేస్తే
అది కొరియా.
చుక్క తర్వాత బతికే దేశం.

ఆ చుక్క కింద నా దగ్గరున్నవి మూడే:
అట్ట ఊడిన యుద్ధ చరిత్ర,
రిటైరైన స్టేషన్ మాస్టరు ఇచ్చిపోయిన నిఘంటువు,
దాని చివరి అక్షరం ‘హ’ మొత్తం చెదలు చదివేశాయి,
ఇంకా ఒక వంటల పుస్తకం.
క్యాబేజీ బొమ్మ మీద పసుపు మరక ఉంది.
అంటే ఎవరో వండి చూశారన్నమాట.
పదకొండేళ్లుగా నా స్టాంపు వాటి మీద పడలేదు.

జూన్‌లో ఒక గుంట వచ్చింది, హైమావతి.
"కొరియావోళ్లు ఎలా బతుకుతారో
రాసినవేటైనా ఉన్నాయా సార్?"
సీరియళ్ల పిచ్చి అనుకుని నవ్వాను.
ఆ పిల్ల యుద్ధ చరిత్ర తీసి
నిలబడే ముప్ఫై పేజీలు చదివి
"ఊరి మధ్యన గీత గీసేస్తే
అటుపక్కోళ్ల పెళ్లికి ఎలా ఎల్తారు?" అంది.
ఇచ్ఛాపురం దాటితే మాకూ గీతే.
కానీ మా గీత మీద ఆటోలు తిరుగుతాయి.
నా దగ్గర జవాబు లేదు.

ఎచ్చెర్ల క్యాంపస్‌కి ఉత్తరం రాశాను.
నెలకి జవాబొచ్చింది: అటువంటి శాఖ లేదు.
కింద, సంతకం కాని చేతిరాతలో,
"మా హాస్టల్లో నలుగురం అక్షరాలు దిద్దుతున్నాం.
జిరాక్సులు పంపమంటారా?"

వచ్చాయి. సాంబారు వాసనతో.

అక్షరాలొచ్చాయి సరే, పలికేదెవరు?
స్టేషన్ రోడ్డులో వెల్డింగ్ షాపు దాలయ్య
ఆరేళ్లు అక్కడ ఓడలు అతికి వచ్చాడు.
ఆదివారం షట్టరు సగం దించి
ఇనప రేకు మీద సుద్దతో
సున్నా చుట్టి, పక్కన కర్ర నిలబెట్టి,
కర్రకి చిన్న ముల్లు గుచ్చి
"ఇది ఆ" అంటాడు.

"మొదటి రోజు మేస్త్రీ పల్లీ పల్లీ అని అరిసీవోడు.
ఏరుసెనక్కాయలు పెడతాడనుకున్నాను.
బేగి బేగి అని దానర్థం."
రేకు గణగణమనేలా నవ్వాం.
పెద్దోళ్లకి గ్లాసు రెండు చేతుల్తో అందించాలని,
సమ్మె రోజుల్లో తనకి గిన్నెడు అన్నం పెట్టిన
క్యాంటీన్ ఆవిడ పేరు
ఇప్పటికీ నోరు తిరగదని చెప్పాడు.
తిరగకపోయినా పలికాడు, రెండుసార్లు.

"అప్పా అంటే నాన్న" అన్నాడు ఒక వారం.
మళ్లీ నవ్వు. మాకు అప్ప అంటే అక్క కదా.
హైమ నవ్వలేదు.
ఆ పిల్ల సభ్యత్వ ఫారం నా బీరువాలోనే ఉంది.
తండ్రి పేరు రాయాల్సిన గడిలో
జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే వాళ్లప్ప సంతకం.
సంతకం పక్కన జీడి మరక,
నల్లగా, వేలిముద్రంత.

జిరాక్సులకి నంబరు వేశాను, పాయింట్ తొమ్మిదే.
దాలయ్యకి ఏ నంబరు వేయాలో
కేటలాగులో లేదు.

నిఘంటువు గడువు దాటి ఐదు నెలలైంది.
ఫైన్ రాయడానికి పుస్తకం తెప్పించి చూస్తే
వెనక దబ్బనంతో కుట్టిన తెల్ల కాగితాలు.
హక్‌క్యో: బడి.
హల్‌మొని: మామ్మ.
హనుల్: ఆకాశం.
దాలయ్య నోట విన్నవి విన్నట్టు
పెన్సిల్‌తో దిద్దుకుంటూ పోతోంది,
చెదలు తిన్నచోట నుంచి.

రిజిస్టర్లో ఫైన్ గడి ఖాళీగా ఒగ్గేశాను.
ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన అడిగితే
ఇంకా రాస్తోందని చెబుతాను.