ఉన్ని తాగిన నీళ్లు

తాక్వారెంబోలో వాన పట్టి నాలుగో రోజు.
తెల్లారకముందే స్నానాలగదిలో
చెప్పులు విడిచి, గడియారం విప్పి,
చివరికి చెవిపోగులూ తీసి
కాటా ఎక్కింది నిల్దా.

ఎనభైమూడు కిలోల ఏడొందలు.
నిన్న మూడొందలే.

ఒక్క రాత్రిలో నాలుగొందల గ్రాములు
ఏ దారిన వచ్చాయో!
నిన్న అన్నయ్య ఇంట్లో, రేకుల కింద,
నిప్పుల మీద కాల్చిన పక్కటెముకలు రెండే తిన్నది.
మూడోది పళ్లెంలోనే వదిలేసింది, ఒట్టు.
ఉప్పు మాత్రం వదిన చెయ్యి.
ఆ చేతికి లెక్క లేదు.

దిగి మళ్లీ ఎక్కింది.
కాటా మాట మార్చలేదు.
పదకొండు వారాల్లో కరిగిన అయిదు కిలోలు
ఆ క్షణాన సాక్ష్యానికి రాలేదు.

రొట్టె ముట్టకుండా,
చేదు మాతే ఒక్కటే మింగి
గోదాముకెళ్లింది.

అక్కడ పెద్ద కాటా ముందు
కుర్ర గుమాస్తా ఫాబ్రీసియో తల గోక్కుంటున్నాడు:
"గురువారం తూచిన బేలే ఇది.
ఆరు కిలోలు పెరిగింది!
ఎవడైనా రాళ్లు కుక్కాడా?"

"ఉన్నిరా అబ్బాయ్.
వానకి తాగుతుంది, ఎండకి కక్కుతుంది.
ఇరవై రెండేళ్లుగా చూస్తున్నా.
పక్కన తేమ అని రాసుకో,
గొర్రెని తిట్టకు."

పెన్సిలు అందిస్తున్న చెయ్యి
గాల్లోనే ఆగింది.

కాసేపు బేలును చూసింది.
తర్వాత తన నడుమును.
నవ్వేం రాలేదు గానీ
ఫాబ్రీసియో రొట్టెలో సగం అడిగి తిన్నది.

రాత్రి, అద్దం పక్క కాలెండరులో
పొద్దుటి అంకె పక్కన
చిన్న అక్షరాలతో రాసింది:
వాన.

రేపు కాటా ఎక్కాలో వద్దో
ఇంకా తేల్చుకోలేదు.