రెండు పెట్టెలు, ఒకే తాడు

ముప్పై ఒక్క ఏళ్ళు
వాల్పరైసో కొండ మీదికి మనుషుల్ని చేరవేశాను.
లాగేది తాడు. నేను మీట నొక్కేవాణ్ణి, అంతే.
ఒక చెక్కపెట్టె పైకి వెళ్తుంటే ఇంకోటి దిగేది,
సగం దారిలో రెండూ ఎదురుపడి
మాటల్లేని ఇరుగుపొరుగులా
మొహం తిప్పుకుని తప్పుకునేవి.
మనిషికి వంద పెసోలు. చంటిపిల్లలకి ఉచితం.
చేపలబుట్టకి మాత్రం టికెట్ కొట్టేవాణ్ణి, ఆ వాసనకి.

జూన్‌లో, చలివాన పడుతున్న ఒక పొద్దున
పొయ్యి మీద కెటిల్ కూత పెడుతుండగా
నా ఎడమవైపు పెట్టె తాడు వదిలేసింది.
ఎర్మెలిండా ముందు కెటిల్ దింపి
ఆ తర్వాతే నన్ను చూసింది.
ఈ మాట ఎవరికీ చెప్పొద్దంటుంది ఇప్పటికీ.

ఆసుపత్రి ప్రాణం నిలబెట్టింది.
మనిషిని నిలబెట్టడానికి కాగితం రాసిచ్చింది:
ఫిజియోథెరపీ, వారానికి మూడుసార్లు, ఆరు నెలలు.
సర్కారు వరసలో నా వంతు వచ్చే వసంతానికట.
ప్రైవేటులో అయితే ఒక్క గంటకి
రెండొందల యాభై మందిని కొండెక్కించిన డబ్బు.
లెక్క కట్టింది మా ఆవిడే. కట్టి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
ఊగే బల్లకాలి కింద దోపింది.
ఆ రోజు నుంచి బల్ల ఊగలేదు. నేనే ఊగాను.

మిల్లరాయ్ షెడ్డు గురించి చెప్పింది రొట్టెలమ్మి.
ఒకప్పుడు వలలు ఆరేసిన చోటు, ఉప్పువాసన ఇంకా పోలేదు.
నడుమెత్తున రెండు నీళ్ళ పైపులు,
వాటి మధ్య నడక.
గుమ్మం పక్కన పాలపొడి డబ్బా, మూతకి చీలిక.
ఎవరెంత వేశారో ఎవరూ చూడరు.
ఒకసారి ఎవరో చొక్కా గుండీ వేశారు.
మిల్లరాయ్ దాన్ని తన కోటుకి కుట్టుకుంది.

అక్కడ నోల్బెర్తో ఉంటాడు, పడవలకి రంగులేసిన మనిషి.
గుమ్మం దగ్గరికొచ్చి కొయ్యబారిపోతాడు.
పార్కిన్సన్స్. నేల మీద పసుపు టేపు గీతలు అతికించారు అతనికోసం.
గీత కనిపిస్తే దాటుతుంది కాలు,
ఖాళీ నేలంటేనే దానికి భయం.
టీచరు ఇలియానాకి ఇరవై తొమ్మిదేళ్ళు,
ఎండ ముదిరితే కాళ్ళు వెన్నలా కరుగుతాయంటుంది,
అందుకే అందరికన్నా ముందొచ్చి
పైపుకి ఆనుకుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంది.

నాకు ఇచ్చింది చిక్కుడుగింజలు.
ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి, ఎడమచేత్తో.
మొదటిరోజు రెండు. నెలకి పదకొండు.
మధ్యలో ఒక వారం మళ్ళీ మూడు,
ఆ వారం గిన్నె విసిరేశాను, దాచడమెందుకు.
మిల్లరాయ్ ఏమీ అనలేదు.
ఏరుకోమని చీపురు కూడా ఇవ్వలేదు.
వంగి ఏరుకునేసరికి గంట గడిచింది,
"ఇవాళ్టి వ్యాయామం అయిపోయింది" అంది.

డబ్బాలో వేయడానికి లేని నెల వచ్చింది.
సిగ్గేసి రెండు శనివారాలు ఎగ్గొట్టాను.
మూడోదానికి పాత స్టేషన్ సామాన్లలోంచి
ఒక కప్పీ పట్టుకెళ్ళాను, మూరెడు గ్రీజు మరకతో.
నేను చెప్తుంటే ఇలియానా బల్లెక్కి దూలానికి బిగించింది.
ఒక తాడు, రెండు కొసల్లో రెండు పిడులు.
కుడిచెయ్యి దిగితే ఎడమచెయ్యి లేవాలి.
లేచింది.
"భుజం దాటనివ్వకు" అంది మిల్లరాయ్, "సగం దారి చాలు."

సగం దారి నాకు తెలుసు.
రెండు పెట్టెలూ ఎదురుపడే చోటు.
నా గుండెకెదురుగా రెండు పిడికిళ్ళు,
ఒకటి గట్టిది, ఒకటి అద్దెకట్టని కిరాయిదారు,
ఈసారి మొహం తిప్పుకోలేదు.

మా ఇంటికి మెట్లు నూట నలభై.
నేటికి తొమ్మిది ఎక్కాను, పదోదాని మీద కూర్చున్నాను,
మిగతా వాటికి మేనల్లుడి వీపు ఉంది.

నిన్న శనివారం. కప్పీ మీద కొత్తమనిషి చెయ్యి.
గుమ్మంలో నోల్బెర్తో ఆగిపోయాడు,
పసుపు గీత చెరిగిపోయింది మరి.
ఎవరూ పిలవలేదు, ఎవరూ తొయ్యలేదు.
కింది స్టేషన్‌లో పెట్టె దిగేదాకా
జనం నిలబడ్డట్టు
నిలబడ్డాం, నిలబడగలిగినవాళ్ళం.