తుప్పు దాచిన పోగు

నలభై మూడో సమాధి. మ్యూజ్ నది ఒడ్డు.
పిడికిట్లో ఇమిడే కంచు బిళ్ళ, దానికో ఇనప సూది,
సూది వెనక గోరంత తుప్పు,
తుప్పులో బట్ట.

బట్ట కాదులే. బట్ట ఎప్పుడో పోయింది.
ఇనుము కరిగి పోగుపోగులోకీ ఎక్కి
ఆ పురితోనే, ఆ మెలికతోనే గడ్డకట్టింది.
పదమూడు వందల ఏళ్ళుగా
ఉన్ని వేషం కట్టిన ఇనుము.

సూక్ష్మదర్శిని కింద లెక్కపెడతాను.
సెంటీమీటరుకి పడుగు ఇరవై రెండు, పేక పధ్నాలుగు.
వజ్రపు గళ్ళ నేత.
"దొరసాని" అంటుంది లీవ్, కాఫీ ఊదుకుంటూ.
సరే, దొరసానే. అదల్‌స్విండ అని పిలుచుకుంటున్నాం,
ఎముకలకి అంకె చాలదనిపించి.

ఎనిమిదో వరసలో
ఒక పోగు దారి తప్పింది.
రెండు దాటి దిగాల్సింది, మూడు దాటి దిగింది.
ఆ తప్పు అదల్‌స్విండది కాదు.

అప్పట్నుంచీ నా కళ్ళ ముందు ఇంకొకామె.
నేలలోకి తవ్విన నేతగుడిసె, మోకాలి లోతు చలి,
గోడకి ఆనించిన నిలువు మగ్గం,
పడుగు కొసల్లో వేలాడే మట్టిగుండ్లు
ఒకదానికొకటి తగిలి టకటకమంటుంటే
లెక్క తప్పిన వేళ్ళు.
ఆకలో, పక్కగదిలో బిడ్డ దగ్గో.

గుడిసె బయట నీలి తొట్టి.
దివాణం మొత్తం రాత్రి కుండలు తెచ్చి అందులోనే వంచుతారు.
దొరది, దొరసానిది, పాదిరిగారిది, పందులు కాసే రాడోది,
పులిసేదాకా ఏది ఎవరిదో ఎవరూ అడగరు.
తీసిన ఉన్ని పచ్చగా వణుకుతూ వచ్చి
గాలి తగలగానే నీలమవుతుంది.
నీలమయ్యాకే మళ్ళీ లెక్కలు:
మొదటి ముంపు ఆవిడకి. అంచుకి మంజిష్ఠ ఎరుపూ ఆవిడకే.
పెత్తందారు భార్యకి నీరసపడ్డ మూడో ముంపు.
దున్నేవాడికి గొర్రె పుట్టిన రంగు.
రాడోకి? ఇంకొకడు వదిలేసింది,
మాసికల మధ్య అక్కడక్కడా కాస్త బట్ట.

గోదెలిండ (ఆ పేరూ నేను పెట్టిందే)
తను నేసింది ఒక్కసారైనా కప్పుకుని చూసుకుందా?
చూసుకునే ఉంటుంది. మగ్గం నుంచి కోసిన సాయంత్రం,
తలుపు దగ్గరగా వేసి, భుజం మీదికి,
అద్దమేదీ లేదు గనక నీళ్ళ బానలో.
మెడ పక్కన ఆ నీలం ఎలా ఉందో
తేల్చుకునేలోగా బయట పెత్తందారు దగ్గాడు.
ఇది నివేదికలో రాయను.

శ్మశానం చివర, కంచె వారన, అరవై ఒకటో సమాధి.
ఆడమనిషి. నలభై దాటిన ఎముక.
ముందు పంట్లో సన్నని గాడి,
తడి దారం ఏళ్ళ తరబడి లాగి లాగి కోసిన గాడి.
కంచు లేదు. ఇనుము లేదు.
కప్పిన గుడ్డని ముల్లుతోనో ముడితోనో బిగించి ఉంటారు.
ముల్లు తుప్పు పట్టదు.
ముడి తుప్పు పట్టదు.
ఏం తొడిగి పంపారో మట్టి తినేసి మూతి తుడుచుకుంది.

లీవ్ కోటు వేసుకుని దీపాలు ఆర్పుతోంది.
పంటి గాడి వెడల్పు కొలిచాను.
తుప్పులో పోగు మందం కొలిచాను.
రెండంకెలూ ఒకే వరసలో రాసి
మధ్యలో ఏ గుర్తూ పెట్టకుండా
పుస్తకం మూశాను.