అడుగు

సండర్లాండ్‌లో నవంబరు నెల,
మూడున్నరకే వార్డులో దీపాలు వేసేస్తారు.
నాది రెండో సంవత్సరం, మూడో ప్లేస్‌మెంట్.
జేబులో కీళ్ళ వంపు కొలిచే కోణమానిని,
ఎవరికీ చూపించని ఒక చీటీ.
దాని మీద తెలుగులో రాసుకున్నాను:
ముందు అడుగు, తర్వాత ముట్టుకో.

మొదటి ఏడాది మేం ఒకరి మీద ఒకరం నేర్చుకున్నాం.
నా మోకాలిచిప్ప చుట్టూ ఫియోనా వేళ్ళు,
ఆమె భుజం రెక్క అంచున నా బొటనవేలు.
ఎముకల్ని లాటిన్‌లో బట్టీ పట్టాను.
నొప్పి గురించి చదివిన రాత్రి మాత్రం
నాకు తెలిసిన నొప్పులన్నీ తెలుగులోనే లేచాయి.
సలుపు, పోటు, తిమ్మిరి,
పొద్దున్నే పట్టేసి పది దాటితే వదిలే మెడ.
సున్నా నుంచి పదిలోపు అంకె చెప్పమనే కాగితంలో
అవి ఏ గడిలోనూ ఇమడలేదు.

రాల్ఫ్ ప్రౌడ్‌లాక్, డెబ్భై రెండేళ్ళు.
ఇక్కడ ఓడలు కట్టే రోజుల్లో క్రేను నడిపాడట.
ఎడమవైపు పడిపోయింది.
"ఇంకో చిన్నపిల్లని పంపారా, పెట్?" అన్నాడు నన్ను చూసి.
పెట్ అంటే పెంపుడు పిల్లి కాదని,
ఇక్కడ బస్సు డ్రైవర్లూ అలాగే పిలుస్తారని
తెలిసేసరికి నాకు వారం పట్టింది.

లక్ష్యాల కాగితం నేనే నింపాను.
వాకర్‌తో పది మీటర్లు, రెండు వారాల్లో.
కడ్డీల మధ్య నిలబెడితే
ఆయన మోకాలు నా మోకాలి మీదికి వాలింది,
తడిసిన బస్తాలా.
"కాలు వెయ్యండి" అన్నాను.
కూర్చుండిపోయాడు.
మర్నాడూ అంతే. మూడోనాడు నా చెయ్యి తోసేశాడు.
నోట్సులో రాశాను: సహకారం తక్కువ.

మా సూపర్‌వైజర్ జూలీ అది చదివి
"ఆయన్నేం అడిగావు?" అంది.
ఏమీ అడగలేదు. చెప్పానంతే.

సాయంత్రం మెట్రో వేర్ నది దాటుతుంటే
చీటీ తీసి చూశాను.
అడుగు.
నోరు తెరవమని ఒకసారి, పాదం కదపమని ఒకసారి,
గిన్నెలో చెయ్యి పెడితే ఆఖరున తగిలేది ఒకసారి.
ముగ్గురినీ ఒకే గదిలో పడుకోబెట్టి
తలుపు దగ్గరగా వేసింది నా భాష.

గురువారం స్టూలు లాక్కుని
ఆయన కళ్ళకంటే కిందికి కూర్చున్నాను.
"ఎక్కడికి నడవాలనుంది?"
చాలాసేపు నోటి మూల తుడుచుకున్నాడు.
"ఆరు మెట్లు."
పెరట్లో పావురాల గూడు.
చెక్క మెట్లు, వానకి జారతాయి,
ఎక్కేటప్పుడు పట్టుకోను కమ్మీ కుడివైపే.
పద్నాలుగు పందెం పావురాలు.
పక్కింటి కుర్రాడు మేత వేస్తున్నాడు గానీ
"వాడికి వాటి పేర్లు తెలీవు."

పక్షవాతం అంటాం మేము, అన్నాను.
పక్షం అంటే పక్క. రెక్క కూడా.
ముఖంలో కుడి సగంతో నవ్వాడు.
"రెక్క దెబ్బతిన్నదాన్ని బుట్టలో పెట్టి
చీకట్లో ఉంచుతాం. తొందరపెట్టం."

పది మీటర్లు కొట్టేశాను.
ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, అది సులువే.
దిగేటప్పుడే చిక్కు, కమ్మీ ఎడమకి వచ్చేస్తుంది,
పట్టులేని చేతి వైపుకి.
ఇద్దరం కాగితం మీద మెట్లు గీసి
తలలు పట్టుకున్నాం.
"క్రేను నిచ్చెన వెనక్కే దిగేవాణ్ణి" అన్నాడాయన.
ఏ పుస్తకం తెరవకుండానే తేలిపోయింది.

శుక్రవారం నా ఆఖరి రోజు.
జిమ్‌లో ఉన్నవి నాలుగు మెట్లే.
నాలుగూ ఎక్కాడు. పైన నిలబడి
ఎదురుగా ఖాళీ గోడ చూస్తూ
ఏవో పేర్లు గొణిగాడు, నాకు ఒకటే వినబడింది, డోరిస్.
మిగిలిన రెండు మెట్లు ఎవరితో ఎక్కుతాడో
నాకు తెలియదు, తెలియజేయరు కూడా.

వెనక్కి దిగుతున్నాడు.
ఎడమ పాదం గాలిలో నేల కోసం వెతుకుతోంది.
"పట్టుకోనా?" అన్నాను.
"ఇంకా వద్దు, పెట్."
నా అరచెయ్యి ఆయన నడుముకి అంగుళం దూరంలో
అలాగే తెరిచి ఉంచాను.