పాలిష్ పెట్టని బండ

హాజరు పుస్తకం వెనక అట్ట మీద
పెన్సిల్‌తో గీస్తున్నా సముద్రాన్ని.
పైన మూడడుగుల అద్దాల తొట్టి,
కింద రెండడుగుల సంపు,
సంపులో రెండు అడ్డుగోడలు, మూడు గదులు.

ఇది నాకు కొత్త పనేం కాదు.
పదిహేడేళ్ళుగా ఎర్రగుంట్ల బండల ఫ్యాక్టరీలో
నీళ్ళు నడిపినవాణ్ణి.
చక్రం కింద కారే బూడిదరంగు బురద
మొదటి గుంతలో బరువు దించుకుంటుంది,
రెండో గుంతలో కాసేపు ఆలోచిస్తుంది,
మూడో గుంతలో తేటపడి
మళ్ళీ చక్రం దగ్గరికే పోతుంది.
ట్యాంకరు రాని ఎండాకాలాల్లో
అవే నీళ్ళు తిరిగి తిరిగి మాకు కూలి ఇచ్చాయి.

మొదటి గదిలో గుడ్డసంచి.
వారానికి రెండుసార్లు ఉతకాలి, మరిచిపోతే సంచే రోగం.
పక్కనే నురగ గొట్టం:
సన్నటి బుడగలు నీళ్ళలోని జిడ్డును కౌగిలించుకుని
పైకెక్కి గిన్నెలో కక్కుతాయి,
బెల్లం పాకం మీద మడ్డి తేలినట్టు.

రెండో గదిలో రాతిముక్కలు, పచ్చటి నాచు.
పైన దీపం ఆరినప్పుడు కింద దీపం వెలగాలి.
దానికి నైట్ షిఫ్ట్ అని పేరు రాసుకున్నా.

మూడో గదిలో మోటారు.
ఇక్కడే ప్లంబర్ దస్తగిరి వేలు పెట్టాడు:
"కరెంటు పోతే?"
పోతుంది. మా వీధిలో గాలి తుమ్మినా పోతుంది.
పైనున్న నీళ్ళు గొట్టం వెంట వెనక్కి దిగి
సంపు నిండి, వాకిలి దాటి, రోడ్డెక్కుతాయి.
అందుకని తిరుగు గొట్టానికి
నీటి మట్టం కిందే ఒక బెజ్జం,
అది గాలి మింగితే గొట్టం పట్టు వదిలేస్తుంది.
సంపులో జానెడు ఖాళీ.
"ఖాళీని కూడా కొలిచి గీయాల్నా, అన్నా" అన్నాడు.
గీశాను.

కుళ్ళాయమ్మ తొంగిచూసి నవ్వింది:
"బోరు నీళ్ళలో ఉప్పు తీసేసి
అదే నీళ్ళలో ఉప్పు కొనకొచ్చి కలుపుతావా?
ఇంత తెలివి యాడ నేర్చినావు?"
నా దగ్గర జవాబు లేదు.
మీటరు ముంచితే మా బోరు పన్నెండు వందలు చూపిస్తుంది,
నాకు కావలసింది సున్నా.
బిందెడు సున్నాకు మూడు బిందెల పారబోత.
నేను ఇంకా దాని గురించి సిగ్గుపడుతూనే ఉన్నా,
ఆమె పెన్సిల్ లాక్కుని లెక్క తేల్చేసింది:
అంట్లకొకటి, బాత్రూముకొకటి, వాకిలికొకటి.
ప్లానులో ఆ మూడు బిందెల బొమ్మలు
ఆమెవి.

తర్వాత నలభై రోజులు చేప ఉండదు.
రాళ్ళు, ఉప్పునీళ్ళు, మోటారు రొద, అంతే.
కంటికి ఆనని ప్రాణులు రాళ్ళలో కాపురం పెట్టి
విషం తినడం నేర్చుకోవాలి.
చుక్కల మందు వేసిన సీసాలో
పచ్చదనం పోయి పసుపు మిగిలేదాకా ఆగాలి.
ఇంటికొచ్చినోళ్ళు "చేపలేవీ?" అని అడిగితే
ఏం చెప్పాలో మాత్రం రాసుకోలేదు.

మే నెల లెక్క తేలలేదు.
బయట నలభై నాలుగు, నీళ్ళు ఇరవై ఆరు దాటకూడదు.
ఫ్యాన్ అని రాసి కొట్టేశా.
చిల్లర్ అని రాసి, ధర అడిగి, కొట్టేశా.
మళ్ళీ ఫ్యాన్.

ఇక తొట్టి కింద బండ.
విరిగిన సరుకు కుప్పలో దొరికింది ఒకటి,
ఒళ్ళంతా ముడతలు,
అల వెనక్కి పోయాక తడి ఇసుక మీద మిగిలే ముడతలే,
రాయైపోయి.
ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేదని
గనుల ఆఫీసరు ఎప్పుడో చెబితే
టీ తాగుతూ విని మరిచిపోయాం.
రోజుకు ఎన్ని వందల అడుగుల సముద్రాన్ని
నున్నగా అరగదీసి లారీకెత్తించానో.

ఆపరేటర్ చక్రం దించబోతే చెయ్యి అడ్డం పెట్టా.
కానీ ముడతల మీద అద్దం నిలవదు, పగులుతుంది.
అందుకే నున్నటి వైపు పైకి,
ముడతల వైపు కిందికి.
"ఎవురికి కనపడుద్దన్నా?" అన్నాడు దస్తగిరి.
కింద సంపులో నీళ్ళుంటాయి కదా.

ఫ్యాన్ పక్కన ప్రశ్న గుర్తు ఇంకా అట్లే ఉంది.