పచ్చబొట్టు

ముక్కు మీద మానని కురుపుకు
రెండేండ్లు సున్నం రాసిన.
హన్మకొండ దవాఖానల కోసి తీసిండ్రు,
ముక్కుపుల్ల కాయితంల చుట్టి చేతికిచ్చిండ్రు.

“నుదుటి తోలు కిందికి మలిపి కుడతం,
పచ్చబొట్టు జాగ తప్పుతది, పర్వాలేదా?” అన్నడు డాక్టరు.
కొత్తవాడల నలభై ఏండ్లు జంపఖానలు నేసినదాన్ని,
అతుకు సంగతి నాకు చెప్తడా.
పోగు తెంపకుంట తిప్పితేనే పట్టుకుంటది.

మూడు వారాలు
కనుబొమ్మ కాన్నుంచి తొండమోలె వేలాడింది.
మనుమరాలు జడుసుకోలే,
గరిక తెచ్చి నా ముంగట పెట్టింది.
నవ్వితే కుట్లు గుంజినయి.
ముక్కు మీద ఈగ వాలితే
నుదురు గోక్కున్న.

తర్వాత తెంపిండ్రు.
ఇప్పుడు ముక్కు కొసకు
ఏడేండ్లప్పుడు అమ్మ ఏడిపిచ్చి పొడిపిచ్చిన చుక్క.
పొద్దున కుంకుమ అంటిన వేలు
అద్దం ముంగట
జరసేపు ఆగుతది.